ఉండలు కట్టిన గ్రేవీ గారికి

మహారాజశ్రీ బ్రౌన్ గ్రేవీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ ఒహాయోలో మేం ముగ్గురం క్షేమం. తమరు కూడా క్షేమమే. ఇప్పుడే ఫ్రిజ్ తీసి చూసి వచ్చాను. రెండో అరలో, ఖాళీ అయిన పెరుగు డబ్బాలో, మీద మందంగా తొరక కట్టి, చెంచా గుచ్చితే చెంచా నిలబడేంత ఆరోగ్యంగా ఉన్నారు. పాల మీద తొరకైతే పిల్లలు కొట్టుకుని తింటారు. తమ తొరక మొహం మా ఇంట్లో ఎవరూ చూడ్డం లేదు.

ఈ ఉత్తరం నిన్న రాత్రే రాయాల్సింది. పోనీలే, పెద్దమనిషిలా ఊరుకుందాం అనుకున్నాను. కానీ పొద్దున్న ఏడింటికి అల్లం టీ పెట్టుకుని కప్పులోకి వడకట్టుకుంటే పైన నాలుగు బంగారు రంగు చుక్కలు తేలాయి. నూనె కళ్ళు. ఏమిటా అని ఒక గుటక తాగాను. ముందు అల్లం, తర్వాత యాలకులు, వాటి వెనకాలే గొడ్డుమాంసం కొవ్వు. నిన్న తమరిని వడకట్టింది ఆ టీ జల్లెడతోనే అని అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట మా అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపిన స్టీలు జల్లెడ అది. రెండుసార్లు సబ్బు పెట్టి తోమాను. అయినా తమరు ఆ సందుల్లో మఠం వేసుకుని కూర్చున్నారు. సోమవారం పొద్దున్న టీ పోయిన మనిషి ఎలా ఉంటాడో తమరికి తెలియదు, ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

జరిగింది తమరికి కొత్తగా చెప్పక్కర్లేదు. మూడో క్లాసు చదివే మా పిల్లకి స్కూల్ క్యాంటీన్‌లో పెట్టే శాలిస్‌బరీ స్టేక్ అంటే ప్రాణం. కైమాని బిళ్ళలు చేసి కాల్చి, తమరిలో ముంచి, పక్కన బంగాళాదుంప ముద్ద పెట్టి ఇస్తారు. "నాన్నా, స్కూల్లోలా ఇంట్లో చెయ్యవా?" అంది. ఎందుకు చెయ్యను తల్లీ? నలభై మందికి దమ్ బిర్యానీ వండి అడుగంటకుండా దించిన చెయ్యి ఇది. పెద్దకూర మా ఇంటికి కొత్తా? గుంటూరులో ఆదివారం చర్చికి వెళ్ళే ముందే అమ్మ ఉడకేసి, వచ్చాక గోంగూర కలిపేది. ఇక కైమా ఉండలైతే నేను నిద్రలో కూడా చుట్టగలను. వాటి ముందు ఈ బిళ్ళలెంత అనుకున్నాను.

రెసిపీలో 30 నిమిషాలు అని ఉంది. అందులో ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా వేగడానికి 5 నిమిషాలట. ఏ దేశపు ఉల్లిపాయలండీ అవి? వూస్టర్‌షైర్ సాస్ అని ఒక సీసా కొనమన్నారు. వెనక్కి తిప్పి చదివితే చింతపండు, నెత్తళ్ళు. ఆ రెండూ కలిపి వండే ఇళ్ళు మా బాపట్ల వైపు వీధికి నాలుగుంటాయి, ఎవరూ దానికి నోరు తిరగని పేరు పెట్టుకోలేదు. మేం కైమా ఉండల్లో పుట్నాల పొడి వేస్తాం, వీళ్ళు ఎండు బ్రెడ్డు పొడి వేస్తారు. సరే, పని ఒకటే. కాలాక థర్మామీటర్ గుచ్చి 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 71, వచ్చేదాకా కళ్ళార్పకుండా చూశాను. పిల్లకి జ్వరం వచ్చినప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదని మా ఆవిడ అంది.

ఇక్కడిదాకా నాకు ఎవరితోనూ పేచీ లేదు. బిళ్ళలు తీసి పళ్ళెంలో పెట్టాను. కొన్నది 93 శాతం మాంసం, 7 శాతం కొవ్వు ఉన్న పొట్లం. పక్కనే 80-20 ఉంది, చవక కూడా, కానీ పోయిన నెల నా కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి డాక్టరు పెట్టిన మొహం గుర్తొచ్చింది. అందుకే పెనంలో మిగిలిన ఆ కాస్త కొవ్వుని కూడా కాగితంతో శుభ్రంగా తుడిచేశాను. ఉత్త పెనంలో మూడు చెంచాల మైదా పోశాను. దాని మీద సలసలా కాగుతున్న బ్రాత్, అంటే మాంసం ఉడికించి వడగట్టిన నీళ్ళు, రెండు కప్పులు ఒక్కసారిగా దిమ్మరించాను.

అప్పుడు విచ్చేశారు తమరు. సపరివారంగా.

అయ్యా, మా భాషలో ఉండ అంటే మర్యాద గల మాట. సున్నుండ, నువ్వుండ, కొబ్బరుండ, కైమా ఉండ. డబ్బాలో ఉండలున్నాయంటే ఇంట్లో పండగో, చుట్టాలో ఉన్నట్టు. అలాంటి మాటని తమరు ఏ గతి పట్టించారో చూసుకోండి. ఆవగింజంతవి కొన్ని, శెనగలంతవి కొన్ని, ఒకటి మాత్రం పిల్లలాడే గోలీ అంత. అన్నీ గోధుమ రంగులో తళతళలాడుతూ, బుడుంగున మునిగి మళ్ళీ తేలుతూ. ఆ గోలీని తీసి పళ్ళెంలో పెట్టి చెంచా వెనకవైపుతో నొక్కాను. పైన జిగురుగా, బాగా ఉడికినట్టే ఉంది. చటుక్కున పగిలి లోపలి నుంచి తెల్లటి మైదా రాలింది. పొడిపొడిగా, సంచిలోంచి ఇప్పుడే తీసినట్టు! పావుగంట నుంచి మరుగుతున్న నీళ్ళలో ఉంది, లోపల ఒక్క చుక్క తడి లేదు. తర్వాత చదివితే కారణం తెలిసింది. వేడి తగలగానే పై పొరలో ఉన్న పిండి నీళ్ళు పీల్చి ఉబ్బి జిగురైపోతుందట. ఆ జిగురే గోడలా అడ్డం నిలబడి లోపలికి నీళ్ళు పోనివ్వదట. ఎంత మరిగించినా ఆ గోడ కరగదు. ఇలాంటి మనుషుల్ని ఆఫీసులో చూశాను, పెనంలో చూడ్డం మాత్రం ఇదే మొదలు.

విస్క్‌తో గిలక్కొట్టాను. ఉండలు ఆ తీగల మధ్యలోంచి హాయిగా జారిపోయాయి. ఫోర్కుతో పొడిచాను. చివరికి పప్పుగుత్తి తీసి ఎనిపాను. పప్పుగుత్తికి దొరకని పప్పు లేదు మా వంశంలో. ఒక ముద్ద ఎగిరి గోడ మీదున్న తెలుగు క్యాలెండర్‌కి తగిలింది, సరిగ్గా ఆదివారం గడిలో. ఇక మీరు, తమరు అనడం నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను. జల్లెడలో పోస్తే దిగవు. చెంచాతో రుద్దితే ఉండలు పగిలాయి, లోపలి మైదా కింద వేడి గిన్నెలో పడింది, పడిన చోటల్లా మళ్ళీ కొత్త ఉండ కట్టింది. రక్తబీజుడి కథ చిన్నప్పుడు విన్నాను గానీ, వాడు ఒహాయో వచ్చి సెటిలయ్యాడని నాకెవరూ చెప్పలేదు.

ఏడున్నరకి భోజనానికి కూర్చున్నాం. 30 నిమిషాల వంట మొదలుపెట్టింది ఐదింటికి. మా పిల్ల ఒక చెంచా నోట్లో పెట్టుకుని కాసేపు నమిలి, చాలా మర్యాదగా అడిగింది. "నాన్నా, ఇందులో బూందీ ఎందుకు వేశావు?"

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది. తర్వాత తీరిగ్గా, "పులుసులోకైతే పిండి చన్నీళ్ళలో కలిపి పోస్తాం కదండీ" అంది. పొద్దున్న వీడియో కాల్‌లో అమ్మ కూడా అదే. "చన్నీళ్ళలో కలపలేదా నాయనా?" నాకు తెలియదా? దప్పళంలోకి బియ్యప్పిండి ఎన్నిసార్లు కలపలేదు నేను? చన్నీళ్ళలో జారుగా కలిపి, పులుసు మరిగేటప్పుడు సన్నటి ధారగా పోస్తూ తిప్పడం, ఇది పదేళ్ళ పిల్లాడు చేసే పని. కానీ నువ్వు ఇంగ్లీషు మాట్లాడతావు కదా, నీకు వేరే రూల్స్ ఉంటాయేమో అనుకున్నాను. అదీ నా బాధ. ఏమీ రానివాడిని ఓడిస్తే ఓడించావు గానీ, వచ్చినవాడి చేత వచ్చిన విద్య మరిపించావు చూడు!

అసలు నిన్నెవరు పిలిచారు? రాత్రి నిద్ర పట్టక నీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. ఆ బిళ్ళకి పేరిచ్చినాయన జేమ్స్ హెన్రీ శాలిస్‌బరీ, 1823లో పుట్టిన డాక్టరు. మా ఒహాయోలోనే, క్లీవ్‌లాండ్‌లో చాన్నాళ్ళు వైద్యం చేశాడు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో విరేచనాలతో నీరసించిన సైనికులకి గొడ్డుమాంసమే మందన్నాడు. 1888లో అచ్చేసిన వైద్య పుస్తకంలో మూడు పూటలా కైమా బిళ్ళలే తినమని, వేడినీళ్ళు తాగమని రాశాడు. బిళ్ళ మీద కాస్త వెన్న, ఉప్పు, మిరియాలు, ఇష్టమైతే వూస్టర్‌షైర్ సాసో, నిమ్మరసమో. అంతే. నీ ఊసే లేదు. ఉండకపోగా, పిండి పదార్థాలు ఎక్కువైతే కడుపులో పులిసి రోగాలు తెస్తాయని ఆయన గట్టి నమ్మకం. అలాంటి మనిషి పేరు పెట్టి, బిళ్ళ మీద మైదా పులుసు పోసి, పక్కన బంగాళాదుంప ముద్ద పెడుతున్నారు. షుగర్ డాక్టరు వర్ధంతికి లడ్డూలు పంచినట్టు. ఆయన 1905లోనే పోయాడు, అదృష్టవంతుడు. పిలవని పేరంటానికి వచ్చింది నువ్వు, ఇప్పుడు పెళ్ళిపెద్దవి కూడా నువ్వే. ఆ పేరుతో అమ్మే బిళ్ళలో 65 శాతం మాంసం ఉంటే చాలని ఇక్కడి వ్యవసాయ శాఖ నియమం. మిగతా 35 ఏమిటో నీలో మునిగాక ఎవరికి కనిపిస్తుంది?

ఇక్కడిదాకా రాసి, చెత్తడబ్బా లోపలికి లాగడానికి బయటికి వెళ్ళాను. పక్కింటి పెద్దావిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. ఎనభై దాటాయి, ఇంకా కారు తనే నడుపుతుంది. వీకెండ్ ఎలా గడిచిందని అడిగితే నీ గురించి చెప్పాను. బ్రాత్ గురించి గానీ, విస్క్ గురించి గానీ ఒక్క మాట అడగలేదావిడ. "పెనంలో కొవ్వు ఏం చేశావు?" అంది.

తుడిచేశానన్నాను.

పైపు పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది. ఇంటి ముందున్న మంచినీళ్ళ బావి పూడ్చేశానని చెప్పినా అలా చూసి ఉండదు. మైదా ఆ కొవ్వులోనే వేగాలట. ప్రతి రవ్వకీ కొవ్వు పట్టుకుంటే ఒకదానికొకటి అంటుకోవట, ఉండే కట్టదట. పచ్చివాసన పోయాక బ్రాత్ కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలట. ఆవిడ వాళ్ళ నాన్న యాక్రన్‌లో టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. ఇంట్లో ఆరుగురు పిల్లలు, వారానికి ఒక పౌండు కైమా, అంటే మనకి అర కిలో కూడా కాదు. జీతం రోజు దగ్గరపడే కొద్దీ పెనంలో మాంసం తగ్గేదట, గ్రేవీ పెరిగేదట. "మాకు తేడా తెలిసేది కాదు. పళ్ళెం బ్రెడ్డుతో తుడుచుకుని తినేవాళ్ళం" అంది. అని మళ్ళీ మొక్కలకి నీళ్ళు పోసింది.

మా ఇంట్లో నెలాఖరుకి పెద్దకూరలో పులుసు పెరిగేది. దోసకాయ ముక్కలు పడేవి. అమ్మ గరిటె అడుగుదాకా పెట్టి దేవితే ఎక్కడో ఒక ముక్క తగిలేది, అది నా కంచంలోకి వచ్చేది. తన కంచంలో వట్టి పులుసు. ఆ పులుసుకీ నీకూ చుట్టరికం ఉందని నేను ఒప్పుకోను. చచ్చినా ఒప్పుకోను. కానీ ఆ పెరుగు డబ్బా చెత్తలో వేద్దామని పొద్దున్న రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను, మూడోసారి తియ్యలేదు.

సరే, మళ్ళీ మర్యాదలోకి వస్తాను. పని పడింది. మా పిల్ల వచ్చే ఆదివారం కూడా అదే కావాలంది. "ఈసారి బూందీ వద్దు" అని మాత్రం చెప్పింది. 80-20 పొట్లం తెస్తాను. కొలెస్ట్రాల్ సంగతి డాక్టరూ నేనూ చూసుకుంటాం. కాబట్టి గ్రేవీ గారూ, ఆదివారం సాయంత్రం ఆరింటికి మా ఇంటికి దయచేయవలసిందిగా ప్రార్థన. ఎవరిని పిలిచినా సకుటుంబంగా రమ్మని పిలవడం మా ఆచారం. తమరి విషయంలో ఆ మాట రాయడం లేదు. ఒక్కరే రండి.

ఇట్లు,
నలభై మందికి బిర్యానీ వండినవాడు

తా.క.: టీ జల్లెడ తమరే ఉంచుకోండి. సాయంత్రం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి మాకు కొత్తది కొనుక్కుంటున్నాం. అమ్మకి చెప్పలేదు.