సవరణ: కర్టిస్ మేఫీల్డ్ ప్రమాదం తర్వాత కూడా పాడారు

అమెరికా గాయకుడు, పాటల రచయిత కర్టిస్ మేఫీల్డ్ గురించి ఇక్కడ పెట్టిన పోస్టులో "ప్రమాదం తర్వాత ఆయన మళ్లీ పాడలేదు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. ఆయన చేతుల్లోంచి పోయింది గిటార్ ఒక్కటే.

1990 ఆగస్టు 13న బ్రూక్లిన్‌లో ఆరుబయట కచేరీ. గాలికి స్టేజీ లైట్లు కూలి ఆయన మీద పడ్డాయి. మెడ నుంచి కింది భాగం చచ్చుబడింది. చిన్నప్పుడు పియానో నల్ల మెట్ల మీద నేర్చుకుని, గిటార్ తీగల్ని ఆ స్వరాలకే శ్రుతి చేసుకున్న మనిషి ఆయన. ఆ చెయ్యి ఆగిపోవడం ఎంత నష్టమో మన భజనల్లో హార్మోనియం వాయించేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

1996లో 'న్యూ వరల్డ్ ఆర్డర్' ఆల్బమ్ వచ్చింది. వెల్లకిలా పడుకుంటేనే పాడటానికి సరిపడా ఊపిరి అందేది. అలా పడుకునే ఒక్కో లైనూ పాడారు, వాటిని కలిపి పాటలు చేశారు. 1999 డిసెంబరు 26న కన్నుమూశారు.

ఒక్క వాక్యం కోసం ఇంత రాయడానికి కారణం ఉంది. మన కోనసీమలో కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడి మంచాన పడ్డవాళ్లున్నారు. వాళ్లలో మంచి గొంతున్నవాళ్లూ ఉంటారు. "మళ్లీ పాడలేదు" అన్న అబద్ధం వాళ్ల దాకా వెళ్లకూడదు. పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా పంపండి.