ప్రాథమిక పాఠశాల చివరి తరగతి వల్ల పెద్దలకు పొంచి ఉన్న ప్రమాదం

పదేళ్లు దాటీ దాటని పిల్లలకు ప్రాథమిక పాఠశాల చివరి సంవత్సరంలో ఏమి బోధిస్తున్నారో బాధ్యత గల పెద్దలెవరూ పరిశీలించినట్లు కనిపించదు. పరిశీలించి ఉంటే ఆ పుస్తకాలు ఈపాటికి నిషేధానికి గురై ఉండేవి. యునెస్కో వర్గీకరణ ప్రకారం ప్రాథమిక విద్య దేశాన్ని బట్టి నాలుగు నుంచి ఏడేళ్ల వరకు సాగుతుంది. ఎన్నేళ్లు సాగినా చివరి ఏడాదికి వచ్చేసరికి సరంజామా దాదాపు ఒకటే: భిన్నాలు, దశాంశాలు, శాతాలు, రేఖాచిత్రాలు, రుతువులు, ఒక పేరా చదివి దాని కింది ప్రశ్నలకు జవాబులు రాయడం. చూడటానికి అమాయకంగా ఉన్న ఈ జాబితాలో, పెద్దలు ఎంతో శ్రమపడి నిర్మించుకున్న ప్రపంచాన్ని కూలదోయగల సామగ్రి ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

అన్నింటిలోకీ శాతాల పాఠం ప్రమాదకరమైనది. ఒక సంస్థ కష్టకాలం వచ్చిందని ఉద్యోగుల జీతాలను 20 శాతం తగ్గించి, ఏడాది తిరగగానే 20 శాతం పెంచి, అందరినీ యథాస్థితికి తెచ్చామని సభ పెట్టి ప్రకటించిందనుకుందాం. పెద్దలు చప్పట్లు కొడతారు, కొందరు కృతజ్ఞతతో కళ్లు తుడుచుకుంటారు కూడా. ఈ తరగతి పిల్లవాడు మాత్రం వందలో 20 పోతే 80 అనీ, 80లో 20 శాతం 16 మాత్రమేననీ, మొత్తం 96 అనీ పలక మీద లెక్కవేసి, మిగిలిన నాలుగూ ఎటు పోయాయని అడుగుతాడు. అలాగే రుణం మీద వడ్డీ 4 శాతం నుంచి 5 శాతానికి పెరిగినప్పుడు, పెరిగింది ఒక్క శాతమేనని సర్దిచెప్పడం పెద్దమనుషుల మర్యాద. కట్టవలసిన వడ్డీ 25 శాతం పెరిగిందని ఆ పిల్లవాడు తేల్చాడంటే ఆ మర్యాద ఏం కావాలి? ఇటువంటి పిల్లలు తరగతికి ముప్పై మంది చొప్పున ఏటా తయారవుతుంటే వాణిజ్యం, పరిపాలన, ప్రకటనల రంగం ఎలా బతకాలో విద్యావేత్తలే చెప్పాలి.

రేఖాచిత్రాల పాఠం కూడా తక్కువదేమీ కాదు. దిమ్మెల ఎత్తులను పోల్చే ముందు పక్కనున్న గీత ఏ అంకెతో మొదలైందో చూడాలని ఆ పసివాళ్లకు నేర్పుతున్నారు. 96 నుంచి 98కి పెరిగిన ఒక ఫలితాన్ని, గీతను 95 దగ్గర మొదలుపెట్టి, మొదటి దిమ్మెకు మూడింతల ఎత్తున చూపించడం ఎంతటి నైపుణ్యమో ఆ వృత్తిలో ఉన్నవారికే తెలుసు. దాన్ని ఒక చెక్క స్కేలుతో బయటపెట్టే హక్కు పిల్లలకు ఎవరిచ్చారు?

పేరా చదివి జవాబులు రాసే అభ్యాసం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. జవాబు పేరాలోనే ఉండాలట, అందుకు ముందుగా పేరా మొత్తం చదవాలట! శీర్షిక ఒక్కటి చూసి ఆవేశంతో నలుగురికి పంపి, ఆ తరువాత తీరిక ఉంటే చదువుకునే పెద్దల సంప్రదాయానికి ఇంతకన్నా అవమానం ఉండదు.

విజ్ఞానశాస్త్రం విషయంలో మాత్రం కొంత ఊరట ఉంది. భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల రుతువులు ఏర్పడతాయని పిల్లలు చదువుకుంటారు. 1987 నాటి ఒక డాక్యుమెంటరీలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పట్టభద్రులను, అధ్యాపకులను, పూర్వ విద్యార్థులను కలిపి 23 మందిని రుతువుల గురించి, చంద్రకళల గురించి అడిగితే, 21 మంది తడబడ్డారు. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందని పలువురు ఎంతో ఆత్మవిశ్వాసంతో వివరించారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అంటే ఉత్తరార్ధగోళం చలికి వణికే రోజుల్లో. చిన్నప్పుడు అంటిన జ్ఞానాన్ని ఉన్నత విద్య ఎంత శుభ్రంగా కడిగివేయగలదో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. (సెలవు చీటీ రాయడం ఒక్కటే ఇందుకు మినహాయింపు. జ్వరం రాకపోయినా వచ్చినట్లు వినయంగా రాసే విద్యను పెద్దలెవరూ మరచిపోలేదు.)

అయితే అంతా విశ్వవిద్యాలయాల మీదే వదిలేశారని అనుకోవడం అన్యాయం. పరీక్షల విధానం ఆ పనిని ముందుగానే ప్రారంభిస్తుంది. శాతం అంటే ఏమిటో తెలిసిన పిల్లవాడు ప్రమాదకారి కావచ్చు. “హారము వందగా గల భిన్నమును శాతము అందురు” అని వల్లెవేసి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పగించి, పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడి వల్ల ఎవరికీ ఏ హానీ ఉండదు. జీతం లెక్క అతనికి చూపిస్తే, అది ఏ పాఠంలోనిదో, ఎన్ని మార్కుల ప్రశ్నో అడిగి ఊరుకుంటాడు. ఇంత చవకగా, ఇంత విస్తృతంగా పెద్దలకు రక్షణ కల్పిస్తున్న ఈ ఏర్పాటును నిత్యం విమర్శించేవారు కృతఘ్నులు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు తప్పించుకుంటారు, లేచి నిలబడి ఎందుకని అడుగుతారు. అటువంటి వారికి అది పై తరగతిలో చెబుతారని సమాధానమిచ్చి కూర్చోబెట్టవలెను. పై తరగతికి వెళ్లాక, ఇది కింది తరగతిలోనే చెప్పి ఉంటారు కదా అని అక్కడి వారు చూసుకుంటారు.