లైన్‌మన్ ప్రాణం సంగతి కూడా రాయండి

నాలుగు మాస్‌ఫెట్లు (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు), ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, సోలార్ ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చి గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైన్లకు, పంపే ఇన్వర్టర్‌ను ఇంట్లోనే చేసుకోవచ్చని మీ వ్యాసంలో రాశారు. ఆ నాలుగు స్విచ్చులతో డీసీని ఏసీగా మార్చే హెచ్-బ్రిడ్జి సర్క్యూట్ వివరణ చాలా బాగుంది. కానీ అసలు కష్టం అక్కడ లేదండీ. బ్యాటరీ ఇన్వర్టర్ తన వోల్టేజీని తానే తయారుచేసుకుంటుంది. గ్రిడ్ ఇన్వర్టర్ మాత్రం లైన్‌లో ఉన్న 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల తరంగంతో అడుగు కలిపి కరెంటు పంపాలి. ట్రాన్స్‌ఫార్మర్ వద్దనుకుంటే డీసీ వైపు 380-400 వోల్టులు ఉంచాలి, ఎందుకంటే 230 వోల్టుల ఏసీ తరంగం శిఖరమే 325 వోల్టులు.

మీరు అసలు ప్రస్తావించనిది ఐలాండింగ్, అంటే గ్రిడ్ సరఫరా ఆగినా ఇన్వర్టర్ లైన్‌లోకి కరెంటు పంపుతూనే ఉండడం. సరఫరా ఆపి లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు మన ఇన్వర్టర్ ఇంకా కరెంటు తోస్తుంటే? వీధి ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి 11 కేవీ (11,000 వోల్టుల) లైన్‌లోనూ వోల్టేజీ పుట్టవచ్చు. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ హద్దులు కనిపెట్టుకుని ఉంటే చాలదు. ఇంటి లోడు, ప్యానెళ్ల ఉత్పత్తి సమానంగా ఉంటే ఆ రెండూ పెద్దగా కదలవు. అందుకే ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని కావాలనే కొద్దిగా పక్కకు నెడుతూ ఉండాలి. గ్రిడ్ ఉంటే కదలనివ్వదు. లేకపోతే అది హద్దు దాటి జారిపోతుంది, ఇన్వర్టర్ ఆగిపోతుంది. దీనికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 16169 పరీక్షలో ఇందుకు ఇచ్చే గడువు 2 సెకన్లే. ఈ భాగం చేర్చేవరకు ఆ సర్క్యూట్‌ను మెయిన్స్‌కు కలపమని దయచేసి ఎవరికీ చెప్పకండి.