గండి పడిందా, కొట్టారా?

మొన్న జనవరిలో, కనుమ వెళ్ళిన నాలుగో రోజున, అమలాపురం నుంచి చెల్లెలు ఫోను చేసింది. న్యూజెర్సీలో అప్పుడు రాత్రి పదకొండు. "అన్నయ్యా, ఆటలో ఊరు తగలబడిపోయిందని వీడు రాత్రి నుంచి అన్నం ముట్టడం లేదు. నవ్వాలో నాలుగు తగిలించాలో నాకు తెలియడం లేదు" అంది. నిద్రమత్తులో నేను తండ్రులందరూ అనే మాటే అన్నాను: "ఆటే కదమ్మా, మళ్ళీ కట్టుకోమను." అని పడుకున్నాను. ఈ వ్యాసం ఒక విధంగా ఆ మాట అన్నందుకు చెంపలు వేసుకోవడమే.

ఆ ఊరు ఎక్కడిదో చెప్పాలి. దిమ్మలు పేర్చి లోకాలు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో మా పిల్లలు కట్టింది. నా కొడుకు, మేనల్లుడు, మేనకోడలు, డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి మనవడు కలిసి ఒక చిన్న సర్వర్, అంటే నెట్‌లో తాము కలిసి ఆడుకునే చోటు, అద్దెకు తీసుకున్నారు. ముమ్మిడివరం దగ్గర మా తాతల నాటి ఊరిని దిమ్మ మీద దిమ్మ పేర్చి ఆరు నెలల పాటు కట్టారు. ఆ ఆటలో కొబ్బరి చెట్టు లేదు. అడవి చెట్ల దుంగలు తెచ్చి, పైన ఆకులు అంటించి తోటలు వేశారు. కాలువ తవ్వారు, దానికి తూము పెట్టారు, రేవులో ఏరు దాటించే పంటు కట్టారు. సంక్రాంతి దగ్గర పడేసరికి మా వైపు పండక్కి అలంకరించి మోసుకెళ్ళే ప్రభను రంగురంగుల ఉన్ని దిమ్మలతో నిలబెట్టారు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ళ ప్రభలు వస్తాయి కదా, గంగలకుర్రు ప్రభలను మోసేవాళ్ళు నీళ్ళలో దిగి కౌశిక దాటిస్తారు కదా, ఆ దృశ్యం కోసం మా వాళ్ళు ప్రత్యేకంగా ఇంకో కాలువే తవ్వారు. ఇక్కడ పుట్టిన నా కొడుకు కౌశిక పేరు మొదట విన్నది ఆ ఆటలోనే. నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఊరు ఒక్క పూటలో బూడిదైంది. ఇళ్ళకు నిప్పు పెట్టారు, కాలువలో లావా పోశారు, ప్రభను ముక్కలు చేశారు.

మా నాన్నగారికి ఎనభై రెండేళ్ళు. మధ్య డెల్టా శివారు భూముల్లో యాభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి. కంప్యూటర్ ముట్టుకోరు. ఆయన మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగారట: "గండి పడిందా, కొట్టారా?"

డెల్టాలో పెరిగినవారికి ఈ ప్రశ్నను విడమరచి చెప్పక్కరలేదు. వరదకు గట్టు నాని తెగితే గండి పడినట్టు. దానికి ఇసుక బస్తాలు కావాలి. అర్ధరాత్రి ఎవరో పార పట్టుకువచ్చి తెంచితే గండి కొట్టినట్టు. అప్పుడు బస్తాలతో పాటు పెద్దమనుషులూ కావాలి. మైన్‌క్రాఫ్ట్‌లోనూ రెండూ జరుగుతాయి. పిడుగు పడి చెక్క ఇల్లు అంటుకోవచ్చు, క్రీపర్ అనే జీవి దగ్గరకు వచ్చి పేలిపోవచ్చు. మేనల్లుడు ఆ ప్రశ్న వినగానే లేచి కూర్చున్నాడట. జరిగినదాన్ని జరిగినట్టుగా పట్టించుకున్న పెద్ద మనిషి అంతవరకు వాడికి దొరకలేదు.

ఆటలో గెలుపు కోసం కాక ఎదుటివాణ్ణి ఏడిపించడం కోసమే ఆడేవాణ్ణి గ్రీఫర్ అంటారు. ఈ జాతి కొత్తది కాదు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ ఆటలో, ఊరి పొలిమేర దాటిన కొత్తవాణ్ణి కాపుకాసి చంపి మూట ఎత్తుకుపోయేవారు ఉండేవారు. ఆటగాళ్ళే ఒకరినొకరు అదుపు చేసుకుంటారని తయారుచేసినవారు కొంతకాలం ఆశపడ్డారు. చివరికి 2000లో అదే లోకానికి నకలు ఒకటి చేశారు. పాత లోకం ఫెలుక్కాలో పాత పద్ధతే. కొత్త లోకం ట్రామెల్‌లో ఎదుటివాడి సమ్మతి లేకుండా ఎవరూ ఎవరినీ కొట్టలేరు. జనంలో ఎక్కువమంది ట్రామెల్‌కు తరలిపోయారు. భయం పోయాక ఆటలో ఉప్పు కూడా పోయిందని కొందరు పాతకాపులు ఇప్పటికీ అంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. అందుకే ఏ నియమమూ లేని మైన్‌క్రాఫ్ట్ సర్వర్లంటే నాకు కోపం లేదు. 2010 నుంచి నడుస్తున్న టూబీటూటీ అనే సర్వర్‌లో ఏం కట్టినా కూల్చేస్తారని అందరికీ తెలుసు, తెలిసే దిగుతారు. నా ఫిర్యాదు వేరు. కలిసి కట్టుకుందామన్న ఊళ్ళో చేయి కలిపి, ఆ ఊరినే తగలబెట్టినవాడి సంగతి.

మా పిల్లల సర్వర్‌లో ఎవరు ఏ దిమ్మ పెట్టారో, ఎప్పుడు తీశారో రాసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఉంది. డాలస్ కుర్రవాడు ఆ చిట్టా తెరిచాడు. అగ్గి పెట్టిన ప్రతి చోటా, లావా పోసిన ప్రతి చోటా ఒకటే పేరు. నా కొడుకుది.

అడిగితే వాడు దబాయించలేదు. వాడు ఊరి పక్కన మూడు వారాలు కష్టపడి ఒక విమానాశ్రయం కట్టాడట. వాడికి తెలిసినంతలో మా ఊరికి వెళ్ళడమంటే విమానం దిగడమే మరి. అక్కడి పిల్లలు వోటు వేసుకుని దాన్ని తీసేశారు. "మన ఊళ్ళో విమానాశ్రయం లేదు బావా. నువ్వు రాజమండ్రిలో దిగి రావాలి" అని మేనల్లుడు రాశాడట. తప్పేమీ లేదు, అక్షరాలా నిజం. వీడు మాత్రం ఆ మాటను "ఇది నీ ఊరు కాదు" అని చదువుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటున్న నాకు ఆ చదువుకోవడం ఎలాంటిదో బాగా తెలుసు. వాడు చేసింది సమర్థించను. అయితే గ్రీఫర్ అనగానే ఎక్కడో చీకటి గదిలో ముసుగు వేసుకున్న మనిషిని ఊహించుకున్న నేను, మా ఇంటి మేడ మీది గదిని ఊహించలేదు. ఇది చదువుతున్నవారిలో బాధితుల తల్లిదండ్రులే ఉన్నారని నేననుకోను. రెండో పక్షం వారూ ఉండే ఉంటారు.

విషయం నాన్నగారి దాకా వెళ్ళింది. ఆయన తన కాలంలో జరిగిన సంగతి ఒకటి చెప్పారు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీటి ఎద్దడి వచ్చి వంతులు పెట్టారు. శివారు రైతు ఒకాయన వంతు రెండుసార్లు ఎగిరిపోయింది. పైవాళ్ళు తోడేసుకున్నారు, కాలువ కాపలా చూసే లస్కరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మూడో రాత్రి ఆయన బోదె గట్టు తెంచేశాడు. నీళ్ళు ఆయన చేలోకి రాకపోగా మురుగు కాలువ పాలయ్యాయి. ఊరు కూర్చుంది. ఆయన్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టలేదు. తెంచిన గట్టును ఆయన చేతే, పగలు, అందరూ చూస్తుండగా కట్టించారు. తర్వాతి తడికి మొదటి వంతు ఆయనకే ఇచ్చారు. "మొదటిది చేసి రెండోది చేయకపోతే మళ్ళీ తెంచేవాడు" అన్నారు నాన్నగారు.

ఒక్క ఆజ్ఞతో ఊరంతా మునుపటిలా తెచ్చే వీలు ఆ ప్రోగ్రామ్‌లో ఉంది. ఇళ్ళ వరకు అలాగే తెచ్చారు. ప్రభను మాత్రం నా కొడుకు చేతే కట్టించారు. పదకొండు రోజులు పట్టింది, బళ్ళో పరీక్షలు కూడా ఉన్నాయి. విమానాశ్రయం ఏటి అవతలి ఒడ్డున వెలిసింది. దిగినవారు పంటు ఎక్కి రావాలి.

ఇంతవరకు మనుషుల సంగతి. బాట్‌ల సంగతి వేరు. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం వల్లే మనం ఎప్పుడూ తప్పు మందు వేస్తున్నామని నా అభిప్రాయం.

బాట్ అంటే మనిషి బదులు ఆడే ప్రోగ్రామ్. మన పిల్లల నోట అది తిట్టు కూడా, ఆట రానివాణ్ణి "నువ్వు బాట్‌వి" అంటారు. కొన్ని బాట్‌లను కంపెనీలే పెడతాయి. ఫోర్ట్‌నైట్ ఆట కంపెనీ 2019లో ఆ సంగతి బాహాటంగానే చెప్పింది. పబ్జీ మొబైల్‌లో కొత్తవాడి మొదటి ఆటల్లో ఎదురయ్యేవారిలో చాలామంది గురి తప్పించి కాల్చే కీలుబొమ్మలే. "పద్నాలుగు మందిని కొట్టాను మామయ్యా" అని మేనల్లుడు మురిసిపోయినప్పుడు నేను ఆ రహస్యం చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

అసలు చిక్కు బయటివారు వదిలే బాట్‌లతో. వాటిని తలుచుకుంటే నాకు గుర్రపుడెక్క గుర్తుకు వస్తుంది. నీలం పువ్వులు పూసి చూడముచ్చటగా ఉంటుంది. కొన్ని వారాలు పట్టించుకోకపోతే కాలువ మొత్తం కప్పేసి నీరు కదలనివ్వదు. దానికి పగ లేదు, వంతు ఎగిరిపోయిన బాధ లేదు. దాన్ని కూర్చోబెట్టి అడగడానికి ఏమీ లేదు. మన రేవు ముందు ఎంత పీకి గట్టున పడేసినా పైఊరి నుంచి మరో పాయ కొట్టుకువస్తుంది. టీమ్ ఫోర్ట్రెస్ 2 ఆటలో సరిగ్గా ఇదే జరిగింది. 2011 నుంచి అది ఉచితం, ఖాతా తెరవడానికి పైసా అక్కరలేదు. గురి తప్పని బాట్‌లు వచ్చి పడి, మనుషులు ఆడుకోలేని స్థితి వచ్చింది. ఆటగాళ్ళు 2022 మేలో ఒకసారి, 2024 జూన్‌లో మరోసారి మూకుమ్మడిగా గొంతెత్తాల్సి వచ్చింది. ఆ రెండోసారి తర్వాత పెద్ద ఎత్తున ఏరివేత జరిగింది. అదే కంపెనీ డోటా 2 అనే మరో ఆటలో, మోసపు ప్రోగ్రాములు మాత్రమే తొంగి చూసే చోట ఒక రహస్య సమాచారం దాచి, చూసినవాళ్ళను పట్టుకుని, 2023 ఫిబ్రవరిలో నలభై వేలకు పైగా ఖాతాలు మూసేసింది. బోదెలో మావు పెట్టి చేపను పట్టినట్టే. కాలువ ఎవరి చేతిలో ఉందో వారు తలుచుకుంటేనే డెక్క పోతుంది. రేవులో నీళ్ళు ముంచుకునే పిల్లవాడి వల్ల కాదు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. రూన్‌స్కేప్ ఆటలో రోజంతా ఒకే పని చేస్తూ బంగారం కూడబెట్టేవారందరినీ బాట్‌లని తరిమేవారు. వారిలో కొందరు డబ్బు విలువ పడిపోయిన వెనిజులాలో, ఆ బంగారం అమ్ముకుని కుటుంబాన్ని పోషించుకుంటున్న మనుషులని తర్వాత తెలిసింది. డెక్క అనుకుని నారు పీకేయడం కూడా జరుగుతుంది.

కంపెనీలు మనుషుల మీద కలుపు మందు చల్లుతాయి. రిపోర్ట్ కొడతాం, ఖాతా పోతుంది, ఎందుకు పోయిందో అవతలివాడికి తెలియదు, ఇవతలివాడికీ తెలియదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో 2011లో ట్రిబ్యునల్ అని పెట్టి, ఫిర్యాదుల మీద ఆటగాళ్ళ చేతే తీర్పు చెప్పించారు. 2014లో తీసేశారు. లక్షల మంది అపరిచితులకు పెద్దమనుషుల పంచాయతీ సరిపోదేమో. మా నాన్నగారి ఊళ్ళో అది నడిచిందంటే అందరికీ అందరూ తెలుసు కనుక, రేపు మళ్ళీ అదే గట్టు మీద ఎదురుపడాలి కనుక.

ఇళ్ళలో మనం చేసేది ఇంకా సులువు: ఫోను లాగేసుకుంటాం. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు మన వాట్సాప్ గుంపుల్లో పండగ చేసుకున్నారు. ఆ నిషేధానికి చెప్పిన కారణం దేశభద్రత. పిల్లల చదువు ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. మా చెల్లెలి ఇంట్లో ఆ రోజు పాయసం కూడా చేశారు.

కనుక ఇక్కడి మన తెలుగు సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. పాటల పోటీలకు, వనభోజనాలకు అయ్యే ఖర్చులో పదో వంతు చాలు. పిల్లల కోసం సంఘం పేరున మనదైన సర్వర్ ఒకటి నడుపుదాం. జాబితాలో పేరున్నవారికే ప్రవేశం, కాబట్టి బాట్‌ల బెడద దాదాపు ఉండదు. చిట్టా రాసే ప్రోగ్రామ్ మొదటి రోజు నుంచే ఉండాలి, అది ఉందని పిల్లలందరికీ తెలియాలి. తప్పు చేస్తే మొదటిసారి కట్టించడం, రెండోసారి కొన్నాళ్ళు బయట ఉంచడం, వెళ్ళగొట్టడం అన్నిటికంటే చివర. ఇక్కడ మనం నిద్రపోయే వేళ అక్కడ పగలు కనుక, లస్కర్లలో, అంటే సర్వర్‌ను కాపలా కాసేవారిలో, కనీసం ఇద్దరు గోదావరి జిల్లాల పిల్లలు ఉండాలి. వోటు వేసి ఎవరి కట్టడాన్నయినా తీసేయాలంటే కట్టినవాడు ఆ సమయానికి మేలుకుని ఉండాలన్నది మేము నష్టపడి నేర్చుకున్న నియమం, దాన్ని కూడా చేర్చమని మనవి.

ఇక్కడి లస్కరు పనికి నా కొడుకు తన పేరు ఇస్తానంటున్నాడు. కార్యవర్గం ఏమంటుందో తెలియదు. వాడు ముందుగా అమలాపురం ఫోను చేసి తాతగారిని అడిగాడు. "చూద్దాం, ముందు ఆ పంటు సరిగ్గా నడపమను" అన్నారట.