సూపర్మియం బ్రౌజర్ వేసినంత మాత్రాన విండోస్ 7 భద్రం కాదు

కర్నూలు నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపుల వాళ్ల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది: "విండోస్ 7 మార్చక్కర్లేదు. సూపర్మియం వేస్తే విండోస్ 11 అంత భద్రం. స్పీడు రెట్టింపు. సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పోండి. బ్యాంకు పనీ చేసుకోవచ్చు." ఈ మాట యాడ పుట్టిందో గానీ, రోజూ ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు.

స్పీడు మాట వదిలేయండి. సూపర్మియం అంటే పాత విండోస్‌ల కోసం మలిచిన క్రోమియమే (క్రోమ్‌కు ఆధారమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్), క్రోమ్ తిన్నంత ర్యామ్ తింటుంది.

"విండోస్ 11 అంత భద్రం" అనేది తప్పు. వెబ్ పేజీ మిగతా సిస్టమ్‌ను తాకకుండా బ్రౌజర్ దాన్ని శాండ్‌బాక్స్ అనే గదిలో బంధిస్తుంది, ఆ బంధానికి ఆధారం విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్. 2019లో క్రోమ్‌లో ఒక లొసుగు, 32-బిట్ విండోస్ 7 కెర్నెల్‌లో ఇంకోటి కలిపి దాడి చేశారు. క్రోమ్ మార్చి 1న సరిచేసింది, కెర్నెల్‌ను మైక్రోసాఫ్ట్ 12న సరిచేసింది. మామూలు విండోస్ 7కు అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగాయి. ఇప్పుడు అలాంటిదే బయటపడితే సరిచేసేదెవరు?

అన్నిటికన్నా చెడ్డది ఆ "ముందుకు పోండి". సర్టిఫికెట్ అంటే సైటు అసలుదేనని చూపే గడువున్న గుర్తింపు కార్డు. ఎర్రర్ ఎందుకొచ్చిందో ముందు చూడాలి కదా! మొదట తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్లు అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, మంచి సర్టిఫికెట్ కూడా చెల్లదంటుంది. సెల్లు మార్చి తేదీ సరిచేస్తే తీరిపోతుంది. తేదీ సరిగ్గానే ఉంటే, మిగతా సర్టిఫికెట్లకు మూలమైన రూట్ సర్టిఫికెట్ సిస్టమ్‌లో లేకపోవచ్చు. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థను వాడే సైట్లకు ఆధారమైన పాత రూట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరింది. దాని కొత్త రూట్ ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 లేని సిస్టమ్‌లో, విండోస్ రూట్ల మీదే ఆధారపడే బ్రౌజర్‌లో అవి తెరుచుకోవు. ఫైర్‌ఫాక్స్ తన రూట్లు తానే తెచ్చుకుంటుంది, అందుకే విండోస్ 7 మీద నడిచే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ వెర్షన్‌లో అదే సైటు తెరిచి చూడండి. అక్కడా ఎర్రరే వస్తే ఆపేయండి, మధ్యలో ఎవరో దూరి ఉండొచ్చు. "ముందుకు పోండి" అని నేర్పి, మీ షాపుకొచ్చిన రైతు పాస్‌వర్డు ఎవరి చేతిలో పెడుతున్నారు?

ఒకటి ఒప్పుకోవాలి. క్రోమ్ విండోస్ 7కు 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. విండోస్ ఎక్స్‌పీకి కూడా కొత్త క్రోమియం తెచ్చిన సూపర్మియం వాళ్ల శ్రమ గొప్పది. పాత స్కానరు కోసం విండోస్ 7 తప్పదంటే, క్రోమ్ 109 కన్నా సూపర్మియమే మేలు.

బ్యాంకు పని మాత్రం విండోస్ 7 మీద వద్దు. 64-బిట్ ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్ ఉంటే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ (బూట్ పెన్‌డ్రైవ్ చేసే సాఫ్ట్‌వేర్)తో లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్‌కు బదులు వాడే తేలికైన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, దాని మీంచే బూట్ చేయండి. ప్రింటరు, వైఫై పనిచేస్తున్నాయని చూసుకున్నాకే డిస్కు చెరపండి. వేలిముద్ర పరికరానికి విండోస్ డ్రైవరు మాత్రమే ఉంటే దాన్ని వేరే విండోస్ 11 మిషన్‌కు తగిలించండి.