కోశాధికారి గారి జిప్పు

స్కూబా డైవింగ్ క్లబ్బు అనగానే చాలామందికి మనసులో మెదిలేవి నీలి నీళ్లు, రంగురంగుల చేపలు, వాటి మధ్య వయ్యారంగా ఈదే సన్నని మనుషులు. విశాఖపట్నంలో మా క్లబ్బుకు వస్తే ఈ మూడూ కనిపించవు. రుషికొండ నీళ్లు అండమాన్ నీళ్లు కావు; వాతావరణాన్ని బట్టి బూడిద రంగుకూ ఆకుపచ్చకూ మధ్య ఊగిసలాడతాయి. చేపలున్నాయి గానీ మమ్మల్ని చూడగానే వాటికి వేరే పనులు గుర్తొస్తాయి. ఇక సన్నని మనుషుల ప్రసక్తి తేకపోవడమే మర్యాద. మాలో ఒకాయన దంతవైద్యుడు, ఒకాయన ఫిజిక్స్ లెక్చరర్, ఇద్దరు స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులు, ఒకావిడ చార్టర్డ్ అకౌంటెంట్. వృత్తులు వేరైనా పొట్టలు ఒకటే.

పైగా ఆదివారం పొద్దున్నంతా దీనికే పోయినా అందులో నీళ్లలో గడిపేది ముప్పావుగంట. తక్కినదంతా మెట్ట వ్యవసాయమే. పద్నాలుగు పదిహేను కిలోల సిలిండర్లను భుజాన వేసుకుని ఇసుకలో నడవడం, ఎవరి పాదాలకు ఏ ఫిన్లో, అంటే ఏ ఈత రెక్కలో, తేల్చుకోలేక తగువు పడటం, వచ్చాక అన్నింటినీ మంచినీళ్లతో కడగడం, ఆరబెట్టడం, ఆ తర్వాత మినిట్స్ పుస్తకంలో సంతకాలు చేయడం. 1943లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచి మహానుభావులు నీళ్లలో ఊపిరి పీల్చుకునే ఆక్వాలంగ్ అనే సాధనం తయారుచేసి, మనిషిని తాళ్ల నుంచీ గొట్టాల నుంచీ విముక్తుణ్ణి చేసి సముద్రంలోకి వదిలారు. కార్యవర్గం నుంచి విముక్తి కల్పించే సాధనం మాత్రం వాళ్లకు తట్టలేదు.

మా కార్యవర్గమంటే ప్రధానంగా కోశాధికారి గారే. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. పేరు చెప్పను, చెబితే రేపటి నుంచి లెక్కలు నా నెత్తిన పడతాయి. ఆయన వచ్చాక క్లబ్బు గాడిన పడిందన్నది నిజం. సిలిండర్ మూతి దగ్గర గాలి బయటికి పోకుండా ఆపే చిన్న రబ్బరు రింగులను సైతం లెక్కపెట్టి, డబ్బాలో పెట్టి, డబ్బాకు నంబరు వేశారు. సభ్యులందరికీ క్లబ్బు టీషర్టులు కుట్టించారు. టోకున, చవగ్గా. రెండు ఉతుకులయ్యాక ఆ టీషర్టు వెనక దినపత్రిక పెట్టుకుని సంపాదకీయం చదువుకోవచ్చు.

ఆయన తెచ్చిన సంస్కరణల్లో ప్రసిద్ధి చెందింది నిబంధన పద్దెనిమిది. "క్లబ్బు సూటులో లఘుశంక తీర్చుకున్న సభ్యులకు రూ. 200 జరిమానా. తీర్చుకున్నదీ లేనిదీ నిర్ణయించే అధికారం కోశాధికారిది." ఎలా నిర్ణయిస్తారని ఎవరూ అడగనక్కర్లేదు. ప్రతి డైవ్ తర్వాత తాడు మీద ఆరేసిన సూట్ల దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్క దాని ముందూ ఆగి, కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తారు. ఆ కాసేపూ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులు కూడా నిశ్శబ్దంగా ఉంటారు.

నిబంధన వెనక శాస్త్రం లేకపోలేదు. డైవింగ్‌కు తొడుక్కునే ఈ వెట్‌సూటును నియోప్రీన్ అనే మెత్తని రబ్బరుతో చేస్తారు. అది ఒంటికి అంటుకుని ఉండి, లోపలికి చేరిన కాసిన్ని నీళ్లనూ అక్కడే పట్టి ఉంచుతుంది. ఒంటి వేడికి ఆ నీళ్లు వెచ్చబడతాయి; రబ్బరులోని సన్నని బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు కాబట్టి మనకు అంతగా చలి వేయదు. అంటే లోపలికి వచ్చిందేదైనా లోపలే ఉంటుంది. ఆయన బాధ అదే.

కానీ ఈ నిబంధన రాసేటప్పుడు ఆయన శరీరధర్మాన్ని సంప్రదించలేదు. మెడ దాకా నీళ్లలో ఉన్నప్పుడు ఆ ఒత్తిడికీ చలికీ కాళ్లూ చేతుల్లోని రక్తం ఛాతీవైపు మళ్లుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైపోయిందని గుండె పొరబడి, బయటికి పంపమని మూత్రపిండాలకు కబురు పెడుతుంది. అవి వెంటనే పనిలోకి దిగుతాయి. ఇటు సిలిండర్‌లో నింపే గాలి తేమ తీసేసిన పొడి గాలి. పీలుస్తుంటే గొంతు ఎండిపోతుంది. ఒంట్లో నీరు తగ్గితే డైవర్లకు ప్రమాదం కాబట్టి ముందే బాగా నీళ్లు తాగమని శిక్షకులు పోరుతుంటారు. తాగమని ఒకరు, పంపెయ్యమని ఒకరు, ఆపుకోమని కోశాధికారి గారు. మధ్యలో సభ్యుడు.

ఆ ఆదివారం మాఘ పౌర్ణమి. సముద్ర స్నానాలకు వచ్చిన జనంతో తీరం కిటకిటలాడుతోంది. బోటు ఎక్కే ముందు కోశాధికారి గారు రెండు కొబ్బరి బొండాలు తాగారు. రెండోది తాగకపోయినా పోయేది, కానీ రెండు కలిపి తీసుకుంటే పది రూపాయలు తగ్గిస్తానన్నాడు అమ్మేవాడు.

సూటు తొడుక్కోవడం దగ్గర్నుంచే రోజు అటూ ఇటుగా ఉంది. వెట్‌సూటులోకి మనిషి దూరడం దిండును చిన్న గలీబులోకి కూరడమే: ఒక మూల లోపలికి వెడితే ఇంకో మూల బయటికొస్తుంది. కాలికి ప్లాస్టిక్ సంచి తొడిగితే సులువుగా జారుతుందని లెక్చరర్ గారు భౌతికశాస్త్రపరంగా వివరించేలోపు కోశాధికారి గారు బలవంతంగానే దూరిపోయారు. లోపల క్లబ్బు టీషర్టు. వీపు మీది జిప్పును పొడుగాటి పట్టీ పట్టుకుని ఆయనే పైకి లాక్కున్నారు. మధ్యలో ఒకచోట చిన్న శబ్దమైంది. "సర్దుకుంది" అన్నారాయన.

బోటు నడిపే తాతగారు ఎప్పటిలాగే దారిలో చెయ్యి చాపి, 1971లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అదిగో అక్కడే ఉందని చూపించాడు. క్రితంసారి ఇంకోవైపు చూపించాడు. ఘాజీ కదులుతున్నట్టుంది.

డైవ్ బాగానే జరిగింది. రాళ్ల సందులో ఒక లయన్‌ఫిష్ తన ముళ్ల రెక్కలు విప్పుకుని మా వైపు విసుగ్గా చూసింది. పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాలి. రక్తంలో కరిగిన నత్రజని నెమ్మదిగా బయటపడటానికి. అందరం తాడు పట్టుకుని వేలాడుతున్నాం. అప్పుడు గమనించాం, కోశాధికారి గారు ఒక కాలి మీద ఇంకో కాలు మెలివేసుకుని ఉన్నారు. మా నాయకుడు బాగానే ఉన్నారా అని వేళ్లతో సున్నా చుట్టి అడిగాడు. సమాధానంగా ఆయన చిటికెన వేలు ఎత్తారు.

డైవింగ్ పాఠ్యపుస్తకంలో ఆ సంజ్ఞ లేదు. గాలి అయిపోతోందంటే ఒకటి, చెవి నొప్పి అంటే ఒకటి, సొరచేప వస్తోందంటే ఒకటి, అన్నీ ఉన్నాయి గానీ చిటికెన వేలు లేదు. అయినా ఒక్కరికి కూడా సందేహం రాలేదు. తెలుగు దేశంలో ఒకటో తరగతి చదివిన వారెవరికైనా అది అర్థమవుతుంది. నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి ఆ వేలు మరీ దయనీయంగా కనిపించింది.

నీళ్ల అడుగున నవ్వకూడదు. నవ్వితే బుగ్గలు పైకి లేచి, ముక్కు పక్కన గీతలు పడి, ఆ గీతల వెంట మాస్కులోకి నీళ్లు వస్తాయి. ఆడిటర్ గారి మాస్కు ముందు నిండింది. తర్వాత దంతవైద్యుడిది. నిమిషంలో బృందమంతా తలలు పైకెత్తి, ముక్కుతో ఊదుకుంటూ నీళ్లు బయటికి పంపుతోంది. కోశాధికారి గారు ఒక్కరే నవ్వలేదు. గడియారం చూసుకుంటూ మూడు నిమిషాలూ పూర్తిగా ఆగారు. నిబంధన అంటే నిబంధనే.

బోటు ఎక్కగానే ఆయన జిప్పు పట్టీ పట్టుకుని కిందికి లాగారు. జిప్పు కదల్లేదు. సూటు విప్పేసి, నిక్కరుతో సముద్రంలోకి దూకుదామని పాపం ఆయన ఆలోచన.

"ఎందుకండీ బాబూ ఈ అవస్థ? అలాగే దిగిపోండి నీళ్లలోకి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు తాతగారు.

"సూటు క్లబ్బుది" అన్నారు కోశాధికారి గారు పళ్లు బిగించి.

స్టీల్‌ప్లాంట్ మిత్రులిద్దరూ ముందుకొచ్చారు. ఒకరు భుజాలు పట్టుకుంటే ఇంకొకరు పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. పట్టీ ఊడి చేతిలోకి వచ్చింది. లెక్చరర్ గారు లోహాల వ్యాకోచం గురించి మొదలుపెట్టారు గానీ, జిప్పు ప్లాస్టిక్‌దని తెలిసి మధ్యలో ఆపేశారు. తాతగారు వలలు కోసే కత్తి తీశాడు.

"కత్తి లోపల పెట్టు! తొమ్మిది వేల ఆరువందలు! పన్ను అదనం!"

సరే, కొబ్బరి నూనె రాద్దామన్నాడు తాతగారు. సూట్లకు నూనె తగలకూడదని, అది నిబంధన ఇరవై ఒకటి అని కోశాధికారి గారే గుర్తుచేశారు. అప్పటికి ఆయన కూర్చోలేకపోతున్నారు. బోటు ప్రతి అలకూ ఎగిరి పడుతోంది. పడినప్పుడల్లా ఆయన ఒక్కో దేవుణ్ణి తలుచుకుంటున్నారు. సింహాచలం అప్పన్నతో మొదలై ఒడ్డు చేరేసరికి గ్రామదేవతల దాకా వచ్చారు.

ఒడ్డున మాఘ స్నానాల జనం. నల్లని సూటులో, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని చిన్న చిన్న అడుగులు వేస్తూ వస్తున్న మనిషిని చూసి పిల్లలు దారి ఇచ్చారు. దీపాలు వెలిగించుకుంటున్న ఒక పెద్దావిడ విషయం తెలుసుకుని, గిన్నెలోంచి ఆవు నెయ్యి తీసి ఇచ్చింది. కోశాధికారి గారు ఒక క్షణం ఆలోచించారు. నిబంధనల్లో నూనె అని ఉంది, నెయ్యి అని లేదు. "రాయండి" అన్నారు.

నెయ్యి రాసినా రాలేదు. చివరికి దంతవైద్యుడు ఆడిటర్ గారి దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని, ఆయన్ని వెలుతురు వైపు తిప్పి, కళ్లజోడు పెట్టుకుని పరీక్షించాడు. "పళ్ల మధ్య గుడ్డ ఇరుక్కుంది" అని తేల్చాడు. క్లబ్బు టీషర్టు. ఒక్కొక్క పోగునూ పిన్నీసుతో బయటికి లాగుతూ, అలవాటు కొద్దీ "నొప్పిగా ఉంటే చెయ్యి ఎత్తండి" అన్నాడు. ఆయన ఎత్తింది చిటికెన వేలే.

జిప్పు నడుము దాకా దిగింది. కోశాధికారి గారు ఆ తర్వాత చూపిన వేగం ఆయన వయసుకు గానీ, బ్యాంకు అనుభవానికి గానీ సంబంధించింది కాదు. సూటు చేతులు రెండూ వెనక ఎగురుతుండగా రోడ్డు పక్కనున్న మరుగుదొడ్డి దాకా పరుగెత్తారు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒక కుర్రాడు కూర్చున్నాడు. "ఐదు రూపాయలండీ."

వెట్‌సూటుకు జేబులుండవు.

"వచ్చేటప్పుడు ఇస్తాను!"

"అందరూ అదే అంటారండీ."

ఇరవై ఏళ్లుగా చేతిలో రసీదు పడందే పైసా కదలనివ్వని మనిషికి ఆ కుర్రాడి వైఖరిలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదనుకుంటాను. మేం చిల్లర పట్టుకుని పరుగున వెళ్లేసరికి ఆయన వెనక్కి వస్తున్నారు. పరుగు లేదు. తొందర లేదు. ముఖంలో గొప్ప ప్రశాంతత. సూటు మళ్లీ భుజాల మీదికి లాక్కుని, మమ్మల్ని దాటుకుని, జనం మధ్య నుంచి తిన్నగా సముద్రంలోకి నడిచారు.

సూట్లను మంచినీళ్లతోనే కడగాలన్నది నిబంధన ఆరు. ఆ మాట అప్పుడు ఎవరూ ఎత్తలేదు. అందరం కైలాసగిరి వైపు శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాం.

"మంచిపని చేస్తున్నావు నాయనా, మాఘ పౌర్ణమి! మూడు మునకలు వెయ్యి" అంది నెయ్యి ఇచ్చిన పెద్దావిడ. ఆయన మూడు వేశారు. మా వైపు చూసి, నాలుగోది కూడా వేశారు.

ఆ రోజు సూట్ల తనిఖీ జరగలేదు. జలుబు చేసిందన్నారు.

తర్వాతి నెల సమావేశంలో జమాఖర్చులు చదివారు. జమలో ఒకచోట "నిబంధన పద్దెనిమిది కింద వసూలు, రూ. 200" అని ఉంది. ఎవరి దగ్గర వసూలు చేశారో రాయలేదు. ఆడిటర్ గారు పెన్ను మూత తీసి, రసీదులో పేరు లేకపోతే ఆ పద్దు చెల్లదని మెత్తగా అన్నారు. కోశాధికారి గారు వినిపించుకోకుండా గొంతు సవరించుకుని కింది వరుస చదివారు: "ఖర్చు. వైద్యం నిమిత్తం కొబ్బరి బొండాలు, రెండు."