అలెప్పో అక్కడే ఉంది, దారులే మారిపోయాయి

సిరియాలోని అలెప్పో నగరం గురించి ఎవరు రాసినా ముందుగా చెప్పేది ఒకటే: నాలుగు దారుల కూడలిలో ఉంది కాబట్టి ఎదిగింది. మ్యాప్ చూస్తే నిజమే అనిపిస్తుంది. పడమట మధ్యధరా సముద్రం, తూర్పున యూఫ్రటీస్ నది, రెండింటికీ ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరం. కానీ ఊరు నాలుగు వేల ఏళ్లుగా అదే చోట ఉంది, దాని అదృష్టం మాత్రం ఎన్నోసార్లు తలకిందులైంది. అలాంటప్పుడు ఘనతంతా ఆ చోటుకే కట్టబెట్టడం ఎలా కుదురుతుంది?

క్రీ.పూ. 18వ శతాబ్దంలోనే అలెప్పో యమ్‌హద్ రాజ్యానికి రాజధాని. ఇప్పుడు కోట ఉన్న గుట్ట మీద అప్పట్లో ఉరుముల దేవుడు హదద్ గుడి ఉండేది. 1260లో మంగోలు హులగూ ఖాన్, 1400లో తైమూర్ ఊరిని ఊడ్చిపెట్టారు. రెండుసార్లూ కోలుకుంది.

అసలు వైభవం 1516లో ఒట్టోమన్లు వచ్చాకే. వాళ్ల ఏలుబడిలో ఇరాక్‌లోని బస్రా రేవు నుంచి మధ్యధరా తీరం దాకా ఒకే సుల్తాను మాట చెల్లింది. ఇరాన్ ముడిపట్టును ఆర్మేనియన్ వర్తకులు ఒంటెల బిడారుల మీద తెచ్చేవారు. వెనిస్ తన కాన్సులేటును 1548లో డమాస్కస్ నుంచి ఇక్కడికి మార్చుకుంది. 1574లో కట్టిన ఖాన్ అల్ గుమ్రుక్ అనే పెద్ద సత్రంలో కింద సరుకు, పైన యూరప్ వర్తకులు. బజారు ఎంత పెద్దదంటే, కప్పు వేసిన వీధులన్నీ కలిపితే సుమారు 13 కిలోమీటర్లు!

ఈ కథలో మన ఊళ్లూ ఉన్నాయి. 1583లో లండన్ నుంచి బయల్దేరిన ఇంగ్లీషు వర్తకుడు రాల్ఫ్ ఫిచ్ బృందం అలెప్పో మీదుగా బస్రా, హోర్ముజ్ దాటి గోవా చేరింది. ఫిచ్ అక్కడి నుంచి గోల్కొండ దాకా వచ్చాడు. అక్కడి ఇటుక, కలప ఇళ్లను మెచ్చుకున్నాడు, మచిలీపట్నం రేవు గురించీ రాశాడు. 1591లో అతను తిరిగి వెళ్లాక ఆ సమాచారం ఈస్టిండియా కంపెనీ పెట్టినవాళ్లకు పనికొచ్చింది. వాళ్లలో చాలామంది అలెప్పో వ్యాపారంలో ఆరితేరినవాళ్లే. 1611లో ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం వచ్చింది, కానీ ఆఫ్రికా చుట్టూ తిరిగి. ఆ ఓడకు అలెప్పోతో పనేముంది?

అయినా ఊరు వెంటనే కూలిపోలేదు. ఇరాన్ పట్టు దాన్ని ఇంకో వందేళ్లు నిలబెట్టింది. 1722లో ఇరాన్‌ను ఏలిన సఫావిద్ రాజ్యం కూలడంతో ఆ ఆధారం సన్నగిల్లింది. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక బస్రా దారికి పాత విలువ పోయింది.

నా దృష్టిలో సూయెజ్ కన్నా పెద్ద దెబ్బ కొట్టినవి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గీసిన సరిహద్దులు. 1921లో సిరియాను చేతిలో పెట్టుకున్న ఫ్రాన్స్, టర్కీతో కుదుర్చుకున్న ఒప్పందంలో చాలా దూరం రైలు పట్టాలనే సరిహద్దు చేసేశారు. అలెప్పో సరుకు కొనే అనటోలియా (ఇప్పటి టర్కీ) ఊళ్లు పరాయి దేశమయ్యాయి. 1939లో ఇస్కందరూన్ రేవు కూడా టర్కీకి పోయింది. శతాబ్దాల పాటు అలెప్పోకు అదే రేవు. ఇక సిరియా తీరంలోని లటాకియా రేవు మీదే ఆధారపడాల్సి వచ్చింది. దూరాలు ఒక్క అడుగు పెరగలేదు, మధ్యలో చెక్‌పోస్టులు మాత్రం వచ్చాయి.

మరి సరిహద్దు తెరిస్తే సరిపోతుందా? 2007లో టర్కీతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. టూరిస్టులు పెరిగారు, చౌక టర్కీ సరుకూ వచ్చిపడింది. చిన్న వర్క్‌షాపులకు ఊపిరాడలేదు.

2012లో సిరియా అంతర్యుద్ధం ఊళ్లోకి వచ్చింది. దారుల మీద ఉండటమే శాపమైంది. తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న తూర్పు భాగానికి చివరికి మిగిలిన కాస్టెలో రోడ్డును 2016లో ప్రభుత్వ సేనలు కత్తిరించగానే అక్కడి జనం దిగ్బంధంలో పడ్డారు. బజారు కాలిపోయింది, పెద్ద మసీదు 11వ శతాబ్దపు మినార్ కూలింది. ఫ్యాక్టరీల యజమానులు చాలామంది టర్కీలోని గాజియాంటెప్ వెళ్లి అక్కడే మళ్లీ యంత్రాలు బిగించుకున్నారు.

2024 చివర్లో అసద్ ప్రభుత్వం పడిపోయాక పునర్నిర్మాణం మాటలు జోరందుకున్నాయి. పాత బజారు కప్పులు బాగుచేయడం అవసరమే, ఫొటోలకూ బాగుంటుంది. కానీ గాజియాంటెప్‌లో స్థిరపడ్డ యజమానులు తిరిగి రావాలంటే కరెంటు కావాలి, ఆస్తికి భరోసా కావాలి, ఇస్కందరూన్‌కు సరుకు పంపేందుకు అలెప్పో తట్టుకోగల సుంకాలు కావాలి. వాటిలో మూడోది టర్కీ ప్రభుత్వం ఒప్పుకోకుండా జరిగేది కాదు.